క్రోసూరుకు అక్షరాలెన్ని?

పిల్లలూ, పలకమీద 'క్రోసూరు' అని రాయండి. అక్షరాలు మూడే కదా! లినక్స్ కంప్యూటరు మాత్రం ఎనిమిదంటుంది. 'ప్రింట్‌ఎఫ్ క్రోసూరు | డబ్ల్యూసీ -ఎమ్' అని టైపు చేసి చూడండి (ఊరి పేరు తప్ప మిగతావన్నీ ఇంగ్లీషు చిన్నబడిలో). డబ్ల్యూసీ 1971 నుంచీ యూనిక్స్‌లో కొలువు చేస్తున్న లెక్కల గుమాస్తా. క, పొల్లు, ర, ఓత్వం, స, కొమ్ముదీర్ఘం, ర, కొమ్ము: దానికివన్నీ వేరువేరు గుర్తులే.

ఎమ్ బదులు సీ పెడితే 24! యూటీఎఫ్-8 పద్ధతిలో మన గుర్తు ఒక్కొక్కటి 3 బైట్లు తింటుంది. ఇంగ్లీషు అక్షరానికి ఒకటి చాలు.

ఇది తెలియని ప్రోగ్రామరు దరఖాస్తులో ఊరిపేరుకు 20 బైట్లే కేటాయించాడనుకోండి. ఇంగ్లీషుకది ధారాళం. మన ఊరు మాత్రం 'క్రోసూ' అయిపోతుంది, తోకగా ఒక పిచ్చిగుర్తు! 'డబ్ల్యూసీ -ఎమ్' తీసి 'హెడ్ -సీ 20' పెడితే ఆ కోత మీ కళ్ళెదుటే జరుగుతుంది.

మరి, మీ పేరుకెన్ని బైట్లు కావాలి?