దుర్గాబాయి దేశ్‌ముఖ్ - ఉద్యమము, విద్య, కుటుంబము

దుర్గాబాయి దేశ్‌ముఖ్ (జూలై 15, 1909 - మే 9, 1981) స్వాతంత్ర్య సమరయోధురాలు, న్యాయవాది, భారత రాజ్యాంగ సభ సభ్యురాలు, ఆంధ్ర మహిళా సభ వ్యవస్థాపకురాలు. బాల్యవివాహము, మధ్యలో ఆగిన చదువు, కారాగారవాసము - వీటన్నిటి తరువాత మళ్ళీ పుస్తకం పట్టి న్యాయశాస్త్ర పట్టా సాధించిన మహిళ. ఉద్యమము, విద్య, కుటుంబము అనే మూడు బాధ్యతలను ఈమె ఒక్కొక్క దశలో ఒక్కొక్కదానికి ప్రాధాన్యమిచ్చి నిర్వహించుకొన్నది. తనకు ఎదురైన ఆటంకము తరువాతి వారికి ఎదురు కాకుండా సంస్థలను, పథకాలను నెలకొల్పడం ఈమె జీవితంలోని విశేషము.

బాల్యము, తొలి వివాహము

దుర్గాబాయి రాజమండ్రిలో రామారావు, కృష్ణవేణమ్మ దంపతులకు జన్మించింది. ఎనిమిదవ ఏట సుబ్బారావు అనే బంధువుతో వివాహము జరిగింది. యుక్తవయస్సు వచ్చిన తరువాత ఆ వివాహబంధంలో కొనసాగడానికి ఆమె అంగీకరించలేదు. కాపురానికి వెళ్ళనన్న ఆడపిల్లకు పుట్టింట నిలువ నీడ దొరకని రోజులవి. తండ్రి, సోదరుడు ఆమె నిర్ణయాన్ని సమర్థించారు. ఆమె తరువాతి కృషికంతటికీ ఈ అండయే ఆధారమైనది.

ఆంగ్ల మాధ్యమ బోధనకు నిరసనగా చిన్ననాడే బడి మానివేసింది. హిందీ నేర్చుకొని, బాలికలకు హిందీ నేర్పే పాఠశాలను ప్రారంభించింది. 1921లో గాంధీజీ కాకినాడ వచ్చినప్పుడు దేవదాసీలు, ముస్లిం స్త్రీలు ఆయనను కలుసుకొనే ఏర్పాటు చేసింది. 1923 కాకినాడ కాంగ్రెసు మహాసభల సందర్భంగా జరిగిన ఖద్దరు ప్రదర్శనలో స్వచ్ఛంద సేవికగా ఉండి, టిక్కెట్టు లేని కారణంగా జవహర్‌లాల్ నెహ్రూను ద్వారము వద్ద ఆపివేసిన సంఘటన ప్రసిద్ధము.

సత్యాగ్రహము, కారాగారవాసము

1930లో మద్రాసులో ఉప్పు సత్యాగ్రహంలో పాల్గొన్నది. 1930-33 మధ్య మూడు పర్యాయాలు అరెస్టయినది. మధుర జైలులో ఒంటరి ఖైదు అనుభవించింది. జైళ్ళలో తారసపడిన సామాన్య ఖైదీ స్త్రీలలో పలువురు నిరక్షరాస్యులు, నిరాధారులు. తమ నేరమేమిటో, తమకున్న హక్కులేమిటో కూడా వారికి తెలియదు. ఇట్టి స్త్రీలకు సహాయపడాలంటే ముందు తాను చదువుకోవాలని ఆమె నిశ్చయించుకొన్నది. విడుదలైన తరువాత క్రియాశీల రాజకీయాల నుండి తప్పుకొని చదువుపై దృష్టి నిలిపినది.

తిరిగి చదువు

ఇరవై నాలుగేళ్ళ వయస్సులో బడిలో చేరే వీలు లేదు. అప్పట్లో కాశీ హిందూ విశ్వవిద్యాలయము నిర్వహించే మెట్రిక్యులేషన్ పరీక్షకు బయటి నుండి వ్రాసే అవకాశముండేది. ఆ మార్గంలో మెట్రిక్ పూర్తి చేసి, తరువాత వాల్తేరులో ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో రాజనీతి శాస్త్రము చదివింది. 1942లో మద్రాసు విశ్వవిద్యాలయము నుండి న్యాయశాస్త్ర పట్టా పొంది, మద్రాసు హైకోర్టులో న్యాయవాద వృత్తి ప్రారంభించింది.

ఆంధ్ర మహిళా సభ

తన విద్యాభ్యాసము ఇంకా ముగియకముందే, 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభను స్థాపించింది. మద్రాసులోని తెలుగు బాలికలను కాశీ మెట్రిక్ పరీక్షకు సిద్ధము చేయడం దీని తొలి కార్యక్రమాలలో ఒకటి. అంటే తాను నడిచిన దారినే ఇతరులకు చూపినది. సభ క్రమంగా వైద్యశాలలు, నర్సుల శిక్షణ, చేతిపనులు, కళాశాలల స్థాయికి విస్తరించింది. "ఆంధ్రమహిళ" పత్రికకు కూడా దుర్గాబాయి సంపాదకత్వము వహించింది.

రాజ్యాంగ సభలో

1946లో మద్రాసు నుండి రాజ్యాంగ సభకు ఎన్నికైనది. సభాధ్యక్షుల ప్యానెల్‌లో ఏకైక మహిళ ఈమెయే. రాజ్యసభ సభ్యత్వానికి కనీస వయస్సును 35 నుండి 30 సంవత్సరాలకు తగ్గించాలనే సవరణను ప్రతిపాదించింది. హిందూ స్మృతి బిల్లు విషయంలో స్త్రీల ఆస్తి హక్కును సమర్థించింది. 1953లో చైనా పర్యటన తరువాత, కుటుంబ వివాదాలకు ప్రత్యేక న్యాయస్థానాలు ఉండాలని సూచించింది. ఆమె మరణానంతరము 1984లో కుటుంబ న్యాయస్థానాల చట్టము వచ్చినది.

రెండవ వివాహము

1953 జనవరి 22న అప్పటి ఆర్థిక మంత్రి చింతామణి ద్వారకానాథ్ దేశ్‌ముఖ్‌ను వివాహమాడింది. నెహ్రూ సాక్షులలో ఒకరు. అప్పటికి ఆమె వయస్సు 43 సంవత్సరాలు. ప్రణాళికా సంఘ సభ్యురాలు. ఎనిమిదేళ్ళ వయస్సులో పెద్దలు కుదిర్చిన పెళ్ళికి, ఇష్టపడి చేసుకొన్న ఈ పెళ్ళికి మధ్య ముప్పై అయిదేళ్ళ కృషి ఉన్నది. వివాహము ఆమె ప్రజాజీవితానికి అడ్డు రాలేదు. అదే సంవత్సరము కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు తొలి అధ్యక్షురాలైనది. తమ సహజీవనాన్ని 1980లో వెలువడిన "చింతామన్ అండ్ ఐ" అనే ఆంగ్ల ఆత్మకథలో వివరించింది.

కండెన్స్‌డ్ కోర్సులు

గ్రామాలలో ఉపాధ్యాయినులు, గ్రామసేవికలు, నర్సులు, మంత్రసానులు కావలసి ఉండగా, తగిన విద్యార్హత గల స్త్రీలు దొరకడం కష్టంగా ఉండేది. మరొక ప్రక్క, నాలుగైదు తరగతులు చదివి పెళ్ళి కారణంగానో, ఇంటి పనుల వల్లనో బడి మానిన స్త్రీలు, వితంతువులు, భర్త వదిలివేసిన వారు ఉపాధి లేక ఉన్నారు. ఈ రెండు అవసరాలను కలుపుతూ 1958లో సంక్షేమ బోర్డు వయోజన స్త్రీలకు "కండెన్స్‌డ్ కోర్సులు" ప్రవేశపెట్టినది. పెక్కు సంవత్సరాల పాఠ్యాన్ని సుమారు రెండేళ్ళలో ముగించి మిడిల్ లేదా మెట్రిక్ పరీక్షకు పంపడం దీని పద్ధతి. స్వచ్ఛంద సంస్థలు బోర్డు నిధులతో వీటిని నడిపేవి. చిన్నపిల్లల సరసన కూర్చొనే సంకోచము లేకుండా తన వయస్సు వారితో కలిసి చదివే అవకాశము ఇందులో ముఖ్యము. అదే సంవత్సరము ఏర్పడిన జాతీయ స్త్రీ విద్యా సంఘానికి కూడా దుర్గాబాయి అధ్యక్షత వహించింది.

పరిమితులు, తరువాతి తరము

ఈ పథకాలు స్త్రీకి చదువుకొనే దారి చూపినవే గాని, ఆమె చదువుకొనే వేళ ఇంట వంట ఎవరు చేయాలి, బిడ్డను ఎవరు చూడాలి అన్న ప్రశ్నను స్పృశించలేదు. ఇంట తల్లియో, అత్తయో సహకరించిన వారికే ఈ అవకాశము సులభంగా అందేది. ఇంటి పని విభజనను హక్కుల సమస్యగా చర్చించినది తరువాతి తరము. 1974లో హైదరాబాదులో ప్రగతిశీల మహిళా సంఘటన ఏర్పడింది. స్త్రీశక్తి సంఘటన 1986లో ప్రచురించిన "మనకు తెలియని మన చరిత్ర"లో తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలు ఉద్యమంతో పాటు పెళ్ళి, పిల్లలు, ఇల్లు గురించి కూడా తమ మాటలలో చెప్పుకొన్నారు.

ఇతర విశేషాలు

* 1962లో ఢిల్లీలో సాంఘికాభివృద్ధి మండలి స్థాపనకు కృషి చేసింది.
* 1975లో దుర్గాబాయి, చింతామణి దేశ్‌ముఖ్ ఇరువురికీ పద్మవిభూషణ్ లభించింది.
* హైదరాబాదు విద్యానగర్‌లోని ఆంధ్ర మహిళా సభ వైద్యశాలకు ఈమె పేరు పెట్టారు.
* ఢిల్లీ మెట్రోలో ఒక స్టేషనుకు "దుర్గాబాయి దేశ్‌ముఖ్ సౌత్ క్యాంపస్" అని పేరు.