గడ్డపు బ్రష్షు: వెంట్రుక, నీరు, నురుగు

గడ్డం గీసుకొనేవారు బ్లేడు పదునును గురించి చర్చిస్తారు, సబ్బు వాసనను గురించి చర్చిస్తారు. బ్రష్షును గురించి మాట్లాడేవారు తక్కువ. అద్దం ప్రక్కన గూటిలో ఏళ్ళ తరబడి పడి ఉండే ఆ చిన్న వస్తువు నిజానికి ఏదో ఒక జంతువు ఒంటిమీది వెంట్రుకల కట్ట. ఈ సంగతిని పట్టించుకొనకపోవటం వల్ల ఒకప్పుడు మనుష్యుల ప్రాణాలే పోయినవి.

మొదటి ప్రపంచ యుద్ధానికి పూర్వం మేలురకపు బ్రష్షులను బ్యాడ్జర్ అనే జంతువు వెంట్రుకలతో చేసేవారు. యూరపు, ఆసియా ఖండాలలో నేలలో బొరియలు తవ్వుకొని నివసించే జంతువు ఇది. ముఖం మీద నలుపు తెలుపు చారలుంటవి. దీని వెంట్రుకలు చాలావరకు జర్మనీలో శుద్ధి అయి ఇతర దేశాలకు చేరేవి. 1914లో యుద్ధం రాగానే ఆ దారి మూసుకొనిపోయింది. సైనికులకేమో లక్షలకొలదీ బ్రష్షులు కావలసివచ్చినవి. అప్పుడు వర్తకులు గుర్రపు వెంట్రుకలకు బ్యాడ్జర్ వెంట్రుకల వలె రంగువేసి చవకగా అమ్మటం ప్రారంభించారు. శుద్ధి చేయవలెనన్న శ్రద్ధ ఎవరికీ లేకపోయింది. ఫలితంగా 1915 మొదలు 1924 వరకు బ్రిటనులోను అమెరికాలోను రెండువందల మందికి పైగా ఆంత్రాక్స్ వ్యాధి సోకింది.

మన రైతులు దొమ్మ అని పిలిచే పశువుల రోగం ఇదే. విశాఖ ఏజెన్సీ గ్రామాలలో చచ్చిన పశువును కోసి తిన్నవారికి ఇది సోకినట్లు ఈనాటికీ అప్పుడప్పుడు వింటుంటాము. దీనిని కలిగించే సూక్ష్మజీవి జీవితచక్రాన్ని రాబర్ట్ కాక్ 1876లో వివరించాడు. పరిస్థితులు అనుకూలించనప్పుడు ఈ జీవి గట్టి పెంకు వంటి కవచం తొడుగుకొని సిద్ధబీజంగా మారుతుంది. ఆ స్థితిలో మట్టిలో గాని, వెంట్రుకలలో గాని దశాబ్దాల పాటు నిద్రాణంగా ఉండగలదు. బ్రష్షును వేడినీళ్ళలో ఒకసారి ముంచి తీసినంత మాత్రాన చావదు. గడ్డం గీసుకొనేటప్పుడు పడిన చిన్న గాటు దానికి ద్వారం. అక్కడ మొదట పొక్కు లేచి, పిదప నొప్పి లేని నల్లని పుండుగా మారుతుంది. గ్రీకు భాషలో బొగ్గు అని అర్థమిచ్చే పేరు ఈ రోగానికి వచ్చింది ఈ నలుపు వల్లనే. పుండు మెడ దగ్గర లేస్తే వాపు వల్ల ఊపిరి ఆడని ప్రమాదం కూడా ఉన్నది.

బ్రిటిషు ప్రభుత్వం 1920లో జపాను నుండి గడ్డపు బ్రష్షుల దిగుమతిని నిషేధించింది. ప్రమాదకరమైన ఉన్నిని, వెంట్రుకలను ఫార్మాల్డిహైడుతో శుద్ధిచేసే కేంద్రం 1921లో లివర్‌పూల్ రేవులో పనిచేయసాగింది. ఆ తరువాత ఈ వ్యాధి బ్రష్షుల ద్వారా రావటం దాదాపు ఆగిపోయింది. నేడు పేరుగల తయారీదారులు అమ్మే బ్రష్షును గురించి భయపడనక్కరలేదు. కాని పాతవస్తువుల అంగడిలో దొరికే ఆ కాలపు బ్రష్షు ఎంత అందంగా ఉన్నా, దానిని బీరువాలో ఉంచుకొనవచ్చును గాని ముఖానికి తాకించరాదు.

ఇన్ని చిక్కులుండగా వెంట్రుకలనే ఎందుకు వాడవలె? దీనికి సమాధానం నీటిలో ఉన్నది. మన గడ్డం గాని, బ్రష్షు కుచ్చు గాని కెరటిన్ అనే ప్రొటీనుతో నిర్మితమైనవి. ఈ ప్రొటీను గొలుసులను కలిపి ఉంచే బంధాలలో కొన్ని నీరు తగలగానే సడలిపోతవి. వెంట్రుక తన బరువులో ఇంచుమించు మూడవవంతు నీటిని పీల్చుకొని లావెక్కి మెత్తబడుతుంది. మెత్తబడిన వెంట్రుక తక్కువ ఒత్తిడికే తెగుతుంది. దీనికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. కనుక గడ్డాన్ని మెత్తబరచేది ముఖ్యంగా నీరే, సబ్బు కాదు. వెంట్రుకలకు పట్టిన జిడ్డును తొలగించి నీటికి దారి ఇవ్వటం, ఆ నీరు ఆరిపోకుండా నురుగు రూపంలో పట్టి ఉంచటం, బ్లేడు జారేటట్లు చేయటం, ఇవి సబ్బు చేసే పనులు. బ్రష్షులోని వేలాది వెంట్రుకల మధ్య సన్నని సందులలో, దీపపు వత్తిలో నూనె నిలిచినట్లు, నీరు నిలుస్తుంది. చేతితో సబ్బు రుద్దుకొంటే ఇంత నీరు, ఇంత గాలి సబ్బులో కలవవు.

బ్రష్షును ఎన్నుకొనేటప్పుడు మొదట కొనలు చూడవలెను. మంచి బ్రష్షు కుచ్చుకు గుండ్రని పైభాగం కత్తెరతో కత్తిరించగా వచ్చినది కాదు. వెంట్రుకలను అచ్చులో పేర్చి, సహజమైన సన్నని కొనలు పైకి ఉండేటట్లు కట్టగా వచ్చినది. కత్తిరించిన కొన మొద్దుబారి చర్మాన్ని గుచ్చుతుంది. గీసిన మరునాడు గడ్డం గరగరలాడేది కూడా ఇందువల్లనే. అరచేతిలో అదిమి చూస్తే తేడా వెంటనే తెలుస్తుంది.

బ్యాడ్జర్ వెంట్రుక మెత్తన, నీటిని బాగా పట్టుతుంది, ధర ఎక్కువ. ఈ వెంట్రుకలు నేడు ఎక్కువగా చైనా నుండి వస్తున్నవి. ఆ జంతువును చంపి తీసేవి గనుక వద్దనుకొనేవారూ ఉన్నారు. గుర్రపు తోక, జూలు వెంట్రుకలను కత్తిరించి తీయవచ్చును. వాటికి జంతువును చంపనక్కరలేదు. మన దేశంలో సామాన్యుడికి చిరకాలంగా అందుబాటులో ఉన్నది పందివెంట్రుకల బ్రష్షు. కొత్తలో ఇది చీపురు వలె బిరుసుగా ఉండి కొన్నవారిని నిరాశపరుస్తుంది. ఐతే పందివెంట్రుక కొన సహజంగానే రెండు మూడు పాయలుగా చీలి ఉంటుంది. వాడేకొద్దీ ఆ చీలిక పెరిగి కొద్దివారాలలో బ్రష్షు మెత్తనవుతుంది. దీనిని వాడేముందు కొన్ని నిమిషాలు గోరువెచ్చని నీటిలో నానవేయటం అవసరం. తొందరపడి పారవేసినవారికి ఈ సుఖం తెలియదు.

ఇక కృత్రిమపు పోగులు. నైలాను మొట్టమొదట అంగడికి వచ్చినది 1938లో, పళ్ళుతోముకొనే బ్రష్షు రూపంలో. తొలినాటి నైలాను గడ్డపు బ్రష్షులు మోటుగా ఉండేవి. నేటి పోగులకు కొనలు సన్నగా తీరుస్తున్నారు గనుక మెత్తదనంలో అవి వెంట్రుకకు తీసిపోవు. ఇవి నీటిని పీల్చుకొనవు. అందువల్ల త్వరగా ఆరుతవి, నానవేయనక్కరలేదు. తేమ ఎక్కువగా ఉండే మన కోస్తా ఊళ్ళలో ఇది చిన్న లాభం కాదు.

బ్రష్షుకు శత్రువులు మూడు: మరిగే నీరు, కఠినజలం, ఆరని తేమ. మరిగే నీరు కెరటిన్‌ను చెరుపుతుంది. పిడిలో కుచ్చును పట్టి ఉంచే జిగురును కూడా వదులు చేస్తుంది. చేయి ఓర్చుకోగల వేడి చాలును. ఇక కఠినజలం. నల్లగొండ ప్రాంతపు బోరు నీటివంటి దానిలో ఉండే కాల్షియం, మెగ్నీషియం లవణాలు సబ్బుతో కలిసి కరగని తెల్లని తెట్టు అవుతవి. నురుగు సరిగా రాకపోవటానికి కారణం ఇది. చాలమంది తప్పును బ్రష్షు మీద, సబ్బు మీద వేస్తారు. ఈ తెట్టు కుచ్చు మొదట్లో గడ్డకట్టి వెంట్రుకలను విరుస్తుంది. నెలకొకసారి, నాలుగైదు పాళ్ళ నీటిలో ఒక పాలు వెనిగర్ కలిపి, కొద్ది నిమిషాలు ముంచి కడిగితే పోతుంది. వాడిన ప్రతిసారీ బాగా కడిగి, విదిలించి, తువాలు మీద తేలికగా రాచి, గాలి ఆడేచోట ఉంచవలెను. తలక్రిందులుగా వ్రేలాడదీయటం మంచిదా, నిలబెట్టటం మంచిదా అని వాదించేవారున్నారు. నీరు విదిలించిన తరువాత ఈ రెంటికీ పెద్ద తేడా లేదు. తడి బ్రష్షును మూత ఉన్న డబ్బాలో పెట్టటం మాత్రం బూజును పెంచటమే.

సెలూనులో బ్రష్షు సంగతి వేరు. ఒకే బ్రష్షు ఉదయం నుండి రాత్రి వరకు ఎందరి ముఖాల మీదనో తిరుగుతుంది. చీముపొక్కులు, తామర ఒకరినుండి మరొకరికి ప్రాకటానికి ఇది చాలును. గాటు పడిన ముఖం మీద మళ్ళీ నురుగు పెట్టితే బ్రష్షుకు రక్తం అంటుతుంది. కాలేయాన్ని చెరిచే హెపటైటిస్-బి వైరసు ఎండిన రక్తంలో కనీసం ఏడురోజులు బ్రతికి ఉండగలదు. బ్లేడు మార్చమని అడగటం నేడు అందరికీ అలవాటైంది. బ్రష్షు సంగతి మాత్రం ఎవరూ అడగరు. వెంట్రుకల బ్రష్షును ప్రతిమనిషికీ మరిగించి శుద్ధిచేయటం సాధ్యం కాదు. అలా చేస్తే అది వారంరోజులు కూడా నిలవదు. కనుక సెలూనుకు వెళ్ళేవారు తమ బ్రష్షును తామే తీసుకొనిపోవటం మేలు. మొగమాటం అడ్డువస్తే, శుభ్రంగా కడిగిన చేతితో క్రీము రాయమని కోరవచ్చును.

కొత్త బ్రష్షు నుండి మొదటి వారంలో కొన్ని వెంట్రుకలు ఊడటం మామూలే. నెల దాటినా ఊడుతూ ఉంటే జిగురు పట్టు తప్పినదన్నమాట. చాలాకాలం వాడకుండా దాచదలచిన బ్రష్షును పూర్తిగా ఆరనిచ్చి, ఉన్ని బట్టలతోపాటు నాఫ్తలీను గోళీలు వేసి పెట్టెలో ఉంచవలెను. శాలువలను తినే పురుగుకు కెరటిన్‌ను జీర్ణించుకొనే శక్తి ఉన్నది. శాలువ ఉన్నికి, బ్రష్షు కుచ్చుకు అది భేదం పాటించదు.