ఇంటి డిస్కు... బడిలో వేయొచ్చా?

'ఇళ్లలో చూడటానికి మాత్రమే'... తెరమీద ఈ హెచ్చరిక పడగానే రిమోట్ పట్టుకున్న టీచరుకి గుబులు. గద్వాల బడిలో చేనేత మగ్గం, వనపర్తిలో చంద్రగ్రహణం, నాగర్‌కర్నూల్‌లో నల్లమల పులి... ఏ పాఠమైనా కళ్లతో చూస్తే పిల్లలకు ఇట్టే గుర్తుంటుంది. మరి కొన్న డిస్కును తరగతిలో వేస్తే తప్పా?

కాదంటోంది 1957 నాటి కాపీరైట్ చట్టం. సెక్షన్ 52(1)(జె) ప్రకారం, బడి కార్యక్రమాల్లో భాగంగా సినిమా చూపించడానికి హక్కుదారుల అనుమతి అక్కర్లేదు. కాకపోతే చూసేవాళ్లు సిబ్బంది, విద్యార్థులు, వాళ్ల తల్లిదండ్రులు, సంరక్షకులు, బడి కార్యక్రమాలతో సంబంధం ఉన్నవాళ్లే అయ్యుండాలి.

పాఠాల కోసం పుస్తకాల జిరాక్సులు తీయడంపై వచ్చిన కేసులో 2016లో ఢిల్లీ హైకోర్టు కూడా బోధనంటే తరగతి గదిలో చెప్పే పాఠం ఒక్కటే కాదంది.

అలాగని అన్నీ చెల్లవు. అదే సినిమాను బడి మైదానంలో తెరకట్టి ఊరందరికీ వేస్తే ఈ మినహాయింపు వర్తించదు. డిస్కుకి కాపీలు తీసి అమ్మితే నేరమే. ఓటీటీ చందాలకైతే ఆయా సంస్థల షరతులు వేరే ఉంటాయి, ముందే చదువుకోవాలి.

సినిమా తీసినవాళ్ల కష్టానికి రక్షణ, చదువుకునే పిల్లలకు వెసులుబాటు... చట్టం రెండూ చూసింది. కాబట్టి టీచర్లూ, గంట కొట్టగానే ధీమాగా బటన్ నొక్కండి!