పరీక్షనాటి ఉపవాసం

పరీక్షల కాలంలో మన ఆలయానికి కళాశాల విద్యార్థులు విశేషంగా వస్తారు. హాల్‌టిక్కెట్టు స్వామి పాదాల చెంత ఉంచి, ప్రదక్షిణలు చేసి వెళ్తారు. ఆ భక్తి ముచ్చటైనదే. కాని వారిలో కొందరు పరీక్ష ముగిసేవరకు ఏమీ తినమని మ్రొక్కుకొంటున్నారు. గత సంవత్సరం అట్టి బాలిక ఒకతె ధ్వజస్తంభం వద్ద తూలి కూర్చుండిపోయింది. "చదివినదేదీ గుర్తుకు రావడం లేదు, తాతగారూ!" అన్నది. ఆ మాట వినగానే నాకు ఛాందోగ్యోపనిషత్తులోని శ్వేతకేతువు జ్ఞప్తికి వచ్చాడు.

శ్వేతకేతువు 12వ యేట గురుకులానికి వెళ్లి, 24వ యేట వేదాలన్నీ అధ్యయనం చేసి ఇంటికి వచ్చాడు. తండ్రియైన ఉద్దాలకుడు అతనిని 15 దినాలు భుజింపవద్దనీ, నీరు మాత్రం కోరినంత త్రాగవచ్చుననీ ఆదేశించాడు. గడువు తీరిన పిమ్మట వేదమంత్రాలు చెప్పమన్నాడు. కుమారునికి ఒక్కటీ స్ఫురించలేదు. భోజనం చేసి రమ్మన్నాడు. తిని వచ్చిన తరువాత అడిగినదానికల్లా సమాధానం చెప్పగలిగాడు. మిణుగురంత నిప్పుకణం దేనినీ కాల్చలేదు. ఎండుగడ్డి అందిస్తే అదే మరల ప్రజ్వరిల్లుతుంది. విద్య ఎక్కడికీ పోలేదు, ఇంధనమే కొరవడింది. మనస్సు అన్నమయమని తండ్రి బోధించిన విధం ఇది.

నేటి శరీరశాస్త్రం ఈ ఇంధనాన్ని గ్లూకోజు అంటున్నది. మన శరీరపు బరువులో మెదడు నూటికి సుమారు 2 వంతులే. కాని విశ్రాంతిలో శరీరం వెచ్చించే శక్తిలో సుమారు 20 వంతులు దానికే కావాలి. తనలో అది నిలువ ఉంచుకొనేది అత్యల్పం. రక్తం నిరంతరం అందించవలసిందే. ఆరోగ్యవంతునికి పరగడుపున డెసిలీటరు రక్తంలో సుమారు 70 నుండి 100 మిల్లీగ్రాముల చక్కెర ఉంటుంది. మనం నిద్రించే వేళ కాలేయం తన నిలువనుండి దానిని విడుదల చేస్తూ ఈ మట్టాన్ని కాపాడుతుంది. కనుక ఒక పూట మానినంత మాత్రాన ఆరోగ్యవంతుడు చదువు మరువడు. అయినా ఆకలితో కొందరికి ఏకాగ్రత సడలుతుంది. రాత్రంతా మేల్కొని చదివినవారికి ఆ అలసట కూడా తోడవుతుంది.

మధుమేహానికి ఇన్సులిన్ తీసుకొనే విద్యార్థి విషయం వేరు. అతడు ఆహారం మానితే చక్కెర 70కి దిగువకు జారి చెమట, వణుకు, మాట తడబాటు కలుగవచ్చు. స్పృహ కూడా తప్పవచ్చు. స్పృహలో ఉన్నవారికి వెంటనే పంచదార నీరు ఇవ్వాలి. స్పృహ లేనివారి నోట ఏమీ పోయరాదు, వైద్యసహాయం పిలవాలి.

అతి కూడా మేలు కాదు. కేవలం తీపి తింటే చక్కెర వేగంగా పెరుగుతుంది. పెసరట్టు, పెసరపప్పు కలిసిన కట్టెపొంగలి వంటివి నిదానంగా జీర్ణమవుతాయి. పరీక్షకు వెళ్లేవారికి అవి ఉచితం. మితిమీరి తినేవానికీ, బొత్తిగా తిననివానికీ యోగం సిద్ధించదని గీతాచార్యుడు చెప్పనే చెప్పాడు.

ఇక మ్రొక్కు మాట. నీరు, పండ్లు, దుంపలు, పాలు, ఔషధం వ్రతభంగం చేయవని ధర్మశాస్త్రం. రోగులను ఉపవాసానికి నిర్బంధించదు. కాబట్టి తల్లిదండ్రులకు నా విన్నపం: పిల్లల మ్రొక్కును పరీక్షలు ముగిసిన పిదప తీర్పించండి. దాతలు సంకల్పిస్తే, ఆ దినాలలో ఉదయం దర్శనానికి వచ్చిన విద్యార్థులకు కట్టెపొంగలి పెట్టించవచ్చు. విద్యాదానంలో అన్నదానం కలిసిన పుణ్యమది.

ఆనాటి బాలికకు అర్చకస్వామి పాలు, అరటిపండు ఇప్పించారు. కొంతసేపటికి తేరుకొని, స్వామికి మరల నమస్కరించి పరీక్షకు వెళ్లింది.