విజయవాడ రైల్వే జంక్షన్

ఒక పట్టణానికి రైలు రావడం వేరు. ఆ పట్టణం రైలు మార్గాలకు కూడలి కావడం వేరు. మొదటిది ప్రయాణ సౌకర్యం మాత్రమే. రెండవది ఆ పట్టణపు జీవనగతినే మార్చివేసే పరిణామం. కృష్ణానదీ తీరాన వెలసిన బెజవాడ, అనగా నేటి విజయవాడ, ఇందుకు చక్కని నిదర్శనం.

పడమటి నుండి ప్రవహించి వచ్చే కృష్ణానది బెజవాడ వద్ద రెండు కొండల నడుమ ఇరుకవుతుంది. ఉత్తరపు ఒడ్డున ఇంద్రకీలాద్రి, దక్షిణపు ఒడ్డున సీతానగరం కొండ ఉన్నాయి. నది వెడల్పు ఇక్కడ సుమారు ఒక కిలోమీటరు. ఈ అనుకూలతను గుర్తించిన ఇంజనీర్లు 1855 నాటికి ఇక్కడ ఆనకట్టను పూర్తి చేశారు. ఆనకట్ట నుండి బయలుదేరిన కాలువలు డెల్టా భూములను సస్యశ్యామలం చేశాయి. ఆ కాలువలే రహదారులై ధాన్యపు పడవలను నడిపించాయి. రైలు రాకముందే బెజవాడ జలమార్గాలకు కూడలి అయింది.

రైలు మార్గాలు వేర్వేరు దిక్కుల నుండి, వేర్వేరు సంస్థల చేతుల మీదుగా బెజవాడకు చేరాయి. సదరన్ మరాఠా రైల్వే తన తూర్పు మార్గాన్ని బెజవాడతో కలుపుతున్న కాలంలో, 1888లో, ఇక్కడి స్టేషన్ ఏర్పడింది. మరుసటి సంవత్సరమే, 1889లో, నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే సికింద్రాబాదు నుండి కాజీపేట మీదుగా వేసిన మార్గం బెజవాడకు వచ్చింది. 1893-1896 సంవత్సరాల మధ్య తూర్పు కోస్తా రైలు మార్గం కటకం నుండి బెజవాడ వరకు పూర్తయింది. ఇంత జరిగినా మద్రాసు మాత్రం బెజవాడకు దూరంగానే ఉండిపోయింది.

అడ్డంకులు రెండు. మొదటిది నది. రైలు బరువును మోయగల వంతెన లేనంతకాలం ఆవలి ఒడ్డున వేసిన మార్గం ఆవలి ఒడ్డునే ఆగిపోవలసి ఉండేది. 1893లో కృష్ణపై రైలు వంతెన సిద్ధం కావడంతో ఈ అడ్డంకి తొలగింది. రెండవది పట్టాల మధ్య దూరం. నిజాం రైల్వే మార్గం 1676 మిల్లీమీటర్ల బ్రాడ్ గేజి. సదరన్ మరాఠా రైల్వే మార్గం 1000 మిల్లీమీటర్ల మీటరు గేజి. ఒక గేజిపై నడిచే బండి మరొక గేజిపై నడవదు. రెండు గేజిలు కలిసే చోట ప్రయాణికులు బండి మారవలసిందే. సరుకునంతా ఒక పెట్టె నుండి దింపి మరొక పెట్టెలోకి ఎక్కించవలసిందే. ఈ శ్రమ కాలాన్నీ ధనాన్నీ హరించేది. అదే సమయంలో వందలాది కూలీలకు జీవనాధారమయ్యేది. గుంటూరు నుండి గుంతకల్లు వైపు సాగే మార్గం పూర్తిగా బ్రాడ్ గేజి కావడానికి ఇరవయ్యవ శతాబ్దపు చివరి దశకం వరకు వేచి ఉండవలసి వచ్చింది.

1899లో బెజవాడ, మద్రాసుల మధ్య బ్రాడ్ గేజి మార్గం పూర్తి కావడం ఈ స్టేషన్ చరిత్రలో ప్రధాన ఘట్టం. దానితో మద్రాసు, హైదరాబాదు, కలకత్తా, బొంబాయి నగరాల మధ్య రైలు సంబంధానికి బెజవాడ మీదుగా దారి ఏర్పడింది. 1908లో మచిలీపట్నం మార్గం ప్రారంభమైంది. ఒకనాడు విదేశీ నౌకలతో కళకళలాడిన ఆ రేవు పట్టణం కూడా బెజవాడ కూడలితో ముడిపడింది. 1929లో కాజీపేట, బల్లార్షాల మధ్య మార్గం పూర్తి కావడంతో ఢిల్లీ, మద్రాసుల మధ్య దగ్గరి దారి లభించింది. ఆ సంవత్సరమే మొదలైన గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్ ఉత్తర దక్షిణాలను కలిపే ప్రసిద్ధమైన బండిగా నిలిచింది.

స్వాతంత్ర్యానంతరం 1951లో దక్షిణ రైల్వే ఏర్పడింది. 1966 అక్టోబరు 2న సికింద్రాబాదు కేంద్రంగా దక్షిణ మధ్య రైల్వే ఆవిర్భవించగా విజయవాడ అందులో ఒక డివిజన్‌కు కేంద్రమయింది. విశాఖపట్నం కేంద్రంగా దక్షిణ కోస్తా రైల్వేను ఏర్పాటు చేయనున్నట్లు కేంద్ర ప్రభుత్వం 2019లో ప్రకటించింది. విజయవాడ డివిజన్‌ను ఆ కొత్త జోన్‌లో చేర్చారు.

నేడు ఈ స్టేషన్‌లో పది ప్లాట్‌ఫారాలు ఉన్నాయి. విశాఖపట్నం, కాజీపేట, చెన్నై, గుంటూరు, గుడివాడ దిశలుగా బండ్లు సాగిపోతాయి. చెన్నై, గుంటూరు మార్గాలు నదిని దాటి కృష్ణా కెనాల్ జంక్షన్ వద్ద విడిపోతాయి. విశాఖకు రత్నాచల్, చెన్నైకి పినాకిని, సికింద్రాబాదుకు శాతవాహన ఎక్స్‌ప్రెస్‌లు ఇక్కడి నుండే బయలుదేరుతాయి. టిక్కెట్ల జారీ, రిజర్వేషన్, విశ్రాంతి గదులు, పార్సిళ్ల రవాణా, వృద్ధులకు ఉపకరించే లిఫ్టులు, ఎస్కలేటర్లు మొదలైన సేవలు ప్రయాణికులకు ప్రత్యక్షంగా కనిపిస్తాయి.

కంటికి కనిపించని సేవలు అంతకంటె గొప్పవి. దూరప్రయాణపు బండి ఇక్కడ కొన్ని నిమిషాలు నిలుస్తుంది. ఆ కొద్ది వ్యవధిలోనే డ్రైవరు, గార్డు మారతారు. పెట్టెల్లోకి నీరు నింపుతారు. సిబ్బంది చక్రాలను, పెట్టెల మధ్య కొక్కేలను పరీక్షిస్తారు. ఏ బండి ఏ పట్టాపైకి రావాలో సిగ్నల్ సిబ్బంది నిర్ణయిస్తారు. సమీపంలోని డీజిల్, విద్యుత్ లోకో షెడ్లలో ఇంజన్లకు మరమ్మతులు జరుగుతాయి. రాయనపాడు వద్ద గూడ్సు వ్యాగన్లను బాగుచేసే కర్మాగారం ఉంది. ప్రయాణికుడు నిద్రలో ఉండగా ఈ పనులన్నీ నిశ్శబ్దంగా సాగిపోతాయి.

2016 ఆగస్టులో కృష్ణా పుష్కరాలకు తరలివచ్చిన భక్తజనంలో ఎందరినో రైళ్లు చేరవేశాయి. నూజివీడు మామిడి పండ్లు ఉత్తరాది మార్కెట్లకు చేరడానికీ, సింగరేణి బొగ్గు విద్యుత్ కేంద్రాలకు అందడానికీ రైలు మార్గం తోడ్పడుతుంది. కూడలి విలువ అది స్తంభించినపుడు మరింత స్పష్టంగా తెలుస్తుంది. 2024 సెప్టెంబరు 1న భారీ వర్షాలకు మహబూబాబాద్ జిల్లాలోని కేసముద్రం, ఇంటికన్నె స్టేషన్ల మధ్య పట్టాల కింది కట్ట కొట్టుకుపోయింది. విజయవాడ, కాజీపేటల మధ్య బండ్లు నిలిచిపోయాయి. తెగినది కొద్దిపాటి మార్గమే. ఇబ్బంది పడినవారు మాత్రం అనేక రాష్ట్రాల ప్రయాణికులు. రైల్వే కార్మికులు రేయింబవళ్లు శ్రమించి, కొద్ది రోజులలోనే మార్గాన్ని పునరుద్ధరించారు.

పట్టణం పేరు విజయవాడగా స్థిరపడినా, రైల్వే పత్రాలలో ఈ స్టేషన్ సంకేతాక్షరాలు నేటికీ బి, జెడ్, ఎ. అవి బెజవాడ అనే పాత పేరును గుర్తుచేస్తాయి. నదికి అడ్డుగా వంతెనను నిలిపినవారు, గేజిల భేదాన్ని తమ భుజాలపై మోసిన కూలీలు, అర్ధరాత్రి సిగ్నల్ వద్ద మేలుకొని ఉండే ఉద్యోగులు, వీరందరి శ్రమఫలమే ఈ కూడలి. ఇది ప్రజల ఆస్తి. పట్టాలపై నుండి దాటకుండా వంతెనను వాడడం, ప్లాట్‌ఫారాన్ని శుభ్రంగా ఉంచడం, టిక్కెట్టుతోనే ప్రయాణించడం స్వల్ప విషయాలుగా తోచవచ్చు. కాని, తరతరాల శ్రమను గౌరవించడానికి పౌరునికి అందుబాటులో ఉన్న మార్గం అదే.