అమెరికాలో ఉండగా నాన్నకు ఛాతీ నొప్పి వస్తే బిల్లు ఎవరు కడతారు?

కూతురి కాన్పుకనో, మనవడి పుట్టినరోజుకనో అమెరికా వెళ్లే పెద్దవాళ్లు మన ఇళ్లలో చాలామందే ఉంటారు. సూట్‌కేసులో పచ్చళ్లు ఎన్ని కేజీలు సర్దాలన్న దానిపై జరిగినంత చర్చ ఇన్సూరెన్స్ మీద జరగదు. టికెట్‌తో పాటు ఏజెంట్ అంటగట్టిన పాలసీతోనే బయల్దేరతారు. దాన్లో ఏముందో ఆసుపత్రి మెట్లెక్కాక గానీ తెలియదు.

ఆరోగ్యశ్రీ, ఆయుష్మాన్ భారత్ లాంటి పథకాలు విదేశాల్లో పనిచేయవు. ఇక్కడ తీసుకునే మామూలు హెల్త్ పాలసీలు కూడా చాలావరకు దేశంలో చికిత్సకే పరిమితం. అమెరికా ప్రభుత్వ మెడికేర్ విజిటర్లకు వర్తించదు. యూరప్‌లో షెంగెన్ వీసా కావాలంటే కనీసం 30,000 యూరోల మెడికల్ కవరేజీ చూపించాల్సిందే. అమెరికా విజిటర్ వీసాకు అలాంటి షరతు లేదు. వాళ్లు అడగలేదు కదా, మనకెందుకు అనుకుంటే మాత్రం కష్టం. ఖర్చు అక్కడే ఎక్కువ.

పది వేల డాలర్ల బిల్లు వస్తే?

విజిటర్ పాలసీలు ప్రధానంగా రెండు రకాలు. ఫిక్స్‌డ్ బెనిఫిట్ ప్లాన్‌లో రోజుకు ఇంత, ఆపరేషన్‌కు ఇంత అని ముందే రేటు రాసి ఉంటుంది. కాంప్రహెన్సివ్ ప్లాన్‌లో డిడక్టబుల్ పోగా మిగిలిన బిల్లులో ఎక్కువ శాతం కంపెనీ భరిస్తుంది.

ఉదాహరణకు రెండు రోజులు ఆసుపత్రిలో ఉంటే బిల్లు 10,000 డాలర్లు అయిందనుకుందాం. ఫిక్స్‌డ్ ప్లాన్ రోజుకు 1,500 డాలర్లు ఇచ్చేదైతే వచ్చేది 3,000. మిగతా 7,000 మీ జేబులోంచే. కాంప్రహెన్సివ్ ప్లాన్‌లో డిడక్టబుల్ 250 డాలర్లు, తర్వాతి 5,000లో 80 శాతం, ఆపైన మొత్తం కంపెనీదే అని ఉంటే మీరు కట్టేది 1,250 డాలర్లు. మొదటిదాని ప్రీమియం తక్కువగా ఉంటుంది కాబట్టి అదే ఎక్కువగా అమ్ముడుపోతుంటుంది. మా సలహా మాత్రం రెండోదే.

బీపీ, షుగర్ ఉన్నవాళ్ల సంగతేంటి?

క్లెయిమ్‌లు ఎక్కువగా ఇరుక్కునేది ఇక్కడే. పాత జబ్బులకు చికిత్సను ఈ పాలసీలు సాధారణంగా కవర్ చేయవు. కొన్నింటిలో ‘అక్యూట్ ఆన్‌సెట్’ అనే క్లాజు ఉంటుంది. అంటే ఉన్న జబ్బు ముందస్తు లక్షణాలేవీ లేకుండా హఠాత్తుగా ముదిరితే, దాన్ని అదుపు చేసేవరకు అయ్యే ఖర్చు ఇస్తారు. చాలా పాలసీల్లో 24 గంటల్లోపు చికిత్సకు వెళ్లి ఉండాలని షరతు. 70 ఏళ్లు దాటితే కవరేజీని బాగా తగ్గించేవీ ఉన్నాయి.

మన పెద్దవాళ్ల అలవాటు తెలిసిందేగా. పిల్లలకు ఖర్చెందుకని ‘గ్యాసేలే’ అంటూ రెండు రోజులు ఓర్చుకుంటారు. మూడో రోజు ఎమర్జెన్సీలో డాక్టర్ అడిగితే, నొప్పి మొన్నటి నుంచీ ఉందని నిజమే చెబుతారు. అది రికార్డులోకి ఎక్కుతుంది. ప్రాణం మీదికి రావడం ఒకటి, 24 గంటలు దాటిందని క్లెయిమ్ పోవడం ఇంకొకటి. నొప్పి మొదలవగానే చెప్పమని అమ్మానాన్నలకు విమానం ఎక్కకముందే గట్టిగా చెప్పండి.

ప్రపోజల్ ఫారంలో బీపీ, షుగర్, స్టెంట్ ఉన్న విషయం దాచొద్దు. ఆసుపత్రి నుంచి పాత రికార్డులు తెప్పించుకునే హక్కు కంపెనీకి ఉంటుంది. వాడే మందుల జాబితా చూస్తే ఎవరికైనా తెలిసిపోతుంది కూడా. ఆ మందులు ప్రయాణానికి సరిపడా, ఒరిజినల్ ప్యాకింగ్‌లో, ప్రిస్క్రిప్షన్‌తో తీసుకెళ్లాలి.

ఆసుపత్రిలో ఏం చేయాలి?

జ్వరం, చిన్న దెబ్బలకు ‘అర్జెంట్ కేర్’ క్లినిక్‌లు చాలు. ఎమర్జెన్సీ రూమ్‌తో పోలిస్తే ఖర్చు చాలా తక్కువ. ఛాతీ నొప్పి, మాట తడబడటం, స్పృహ తప్పడం లాంటివైతే ఆలోచించకుండా 911కి ఫోన్ చేయాలి. 1986 నాటి ఎమ్‌టాలా చట్టం ప్రకారం, మెడికేర్‌లో ఉన్న ఆసుపత్రుల ఎమర్జెన్సీ విభాగాలు డబ్బుతో సంబంధం లేకుండా పరీక్షించి, పరిస్థితి నిలకడగా ఉండేలా చికిత్స చేయాలి. అంటే వైద్యం ఆపరు. బిల్లు మాత్రం తర్వాత వస్తుంది.

ఒకటే బిల్లు వస్తుందనుకోవద్దు. ఆసుపత్రిది ఒకటి, ఎమర్జెన్సీ డాక్టర్‌ది ఒకటి, స్కాన్ చదివిన రేడియాలజిస్టుది మరొకటి, అంబులెన్సుది ఇంకొకటి. ఇవి నెలల తరబడి, ఒక్కోసారి పెద్దవాళ్లు తిరిగొచ్చేశాక కూడా పోస్టులో వస్తుంటాయి. అడ్మిషన్ సమయంలో ఇచ్చే కాగితాల్లో ‘గ్యారెంటర్’గా మీరు సంతకం పెడితే బాధ్యత మీ మీద పడొచ్చు. చదవకుండా సంతకం చేయకండి.

పాలసీ కార్డు మీది నంబర్‌కు వెంటనే ఫోన్ చేసి, నెట్‌వర్క్ ఆసుపత్రేనా అని కనుక్కోండి. మొత్తం అంకె ఒక్కటే ఉన్న బిల్లుతో క్లెయిమ్ సాగదు. ఏ టెస్టుకు ఎంతో విడివిడిగా ఉన్న ఐటమైజ్డ్ బిల్లు, డిశ్చార్జ్ సమ్మరీ, టెస్టు రిపోర్టులు, మందుల రసీదులు, పాస్‌పోర్టు, ఇమిగ్రేషన్ స్టాంపు కాపీలు కావాలి. చికిత్స చేసిన డాక్టర్ నోట్‌లో జబ్బు ఎప్పుడు మొదలైందో స్పష్టంగా ఉందో లేదో ఇంటికి రాకముందే చూసుకోండి.

పాలసీ సరిపోకపోతే? లాభాపేక్ష లేని ఆసుపత్రులు ఆర్థిక సాయం విధానాన్ని ప్రకటించాలని అక్కడి పన్ను చట్టం చెబుతోంది. విజిటర్లకు ఇస్తారా లేదా అన్నది ఆసుపత్రిని బట్టి ఉంటుంది. ‘ఫైనాన్షియల్ అసిస్టెన్స్’ ఫారం అడిగి చూడటానికి మొహమాటపడొద్దు. బిల్లు తగ్గించమని అడగడం, వాయిదాలు పెట్టించుకోవడం అక్కడ మామూలే.

క్లెయిమ్ తిరస్కరిస్తే...

భారతీయ కంపెనీ పాలసీ అయితే ముందు కంపెనీ గ్రీవెన్స్ విభాగానికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. ఐఆర్‌డీఏఐ వారి బీమా భరోసా పోర్టల్‌లో, లేదా 155255 నంబర్‌లోనూ ఫిర్యాదు నమోదు చేయొచ్చు. నెలలోగా జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. ఫీజు ఉండదు, లాయర్ అక్కర్లేదు. తిరస్కరించిన ఏడాదిలోగా వెళ్లాలి, 50 లక్షల రూపాయల వరకు పరిహారం ఇప్పించే అధికారం ఉంది.

అమెరికా కంపెనీ దగ్గర పిల్లలు ఆన్‌లైన్‌లో కొన్న పాలసీకి ఈ దారి లేదు. అందులోని అప్పీల్ గడువు దాటకుండా కంపెనీతోనే తేల్చుకోవాలి, లేదంటే ఆ రాష్ట్ర ఇన్సూరెన్స్ విభాగానికి ఫిర్యాదు చేయాలి.