పిట్టకు గూడు ఎట్లా కట్టాలి?

షార్జాకు చెందిన కల్బా ఊరి మడ అడవిలో ఒక రకం లకుముకి పిట్ట ఉన్నది. అది పాత మడ చెట్ల తొర్రలలో గుడ్లు పెడుతుంది. చెట్టు నరికితే తొర్ర పోతుంది, తొర్రతో గూడూ పోతుంది. 2012లో ఆ అడవిని రక్షిత ప్రాంతముగా ప్రకటించినారు.

ఇంటి చూరున తిరిగే పిచ్చుకకు మాత్రం చెక్కపెట్టె చాలును. లోపల రంగు వేయవద్దు. ద్వారము 32 మిల్లీమీటర్లు ఉండవలెను. పెద్దదైతే గోరువంక దూరుతుంది. అడుగున నీరు కారుటకు చిల్లులు పెట్టండి. నీడలో, పిల్లికి అందని ఎత్తున కట్టండి. మన పెద్దలవలె వరికంకుల కుచ్చు వేలాడదీయండి. మెతుకులు చల్లితే కాకులు చేరి గూటిలోని పిల్లలను ఎత్తుకుపోతాయి.

ముందు చెట్టును కాపాడి, తరువాత పెట్టె కట్టుట మన పిల్లలకు నేర్పుదాము.